లక్కలో మిరపగింజ

మా మామగారి చొక్కాలు నానబెట్టే ముందు జేబులు తిరగేసి దులపాలి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక అత్తయ్య నాకు చెప్పిన మొదటి పని అదే. దులపకపోతే జేబుల మూలల్లో చేరిన మిరపగింజలు నీళ్ళలోకి వస్తాయి. అదే బకెట్లో పసిపిల్లల గుడ్డలు పడ్డాయంటే ఇక ఆ రోజు ఇల్లంతా ఏడుపే. నేను గుంటూరు బ్రాడీపేటలో పెరిగినదాన్ని. యార్డుకు పోయే మిరప లారీలు ఎదురైతే ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకోవడమే తెలుసు. కాయను చీల్చి గింజ రంగు చూసి సరుకు ఎలాంటిదో చెప్పే మనుషుల మధ్య కాపురం చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

నిన్న అలా దులుపుతుంటే ఒక గింజ అరచేతిలో పడింది. దాన్ని పారేయలేక అలాగే చూస్తూ నిలబడ్డాను. నిన్ననే పార్టీవాళ్ళు వచ్చి, వచ్చే ఎన్నికల్లో మా ఆయన్ని బూత్‌లో ఏజెంటుగా కూర్చోమని అడిగి వెళ్ళారు. పోయినసారి ఆ కుర్చీలో కూర్చున్నది మా మామగారు. అప్పటికి మా అమ్మాయి పాలు తాగే పిల్ల. ఇప్పుడది బడికి పోతోంది, దాని తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నాడు. పిల్లలిద్దరూ పడుకున్నారు కాబట్టి రాస్తున్నాను. పోయినసారి ఏం జరిగిందో కాగితం మీద పెడితేనన్నా నా గుండె దడ తగ్గుతుందేమో.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఊళ్ళో రెండు పార్టీలు. పిల్లవాడు పుట్టగానే పేరుకంటే ముందు పార్టీ తేలిపోతుంది. మా పెళ్ళికి ముందు జరిగిన ఎన్నికల్లో, అప్పుడింకా కాగితం ఓట్లే, మధ్యాహ్నం అవతలివాళ్ళు బూత్‌లో పడి ఓట్ల పెట్టెను ఎత్తుకుపోయి బావిలో వేశారు. అడ్డం వెళ్ళిన మా ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేరు. పిల్లను ఎత్తుకున్నప్పుడు మాత్రం అది సరిగ్గా పిల్ల ఒంపుకు సరిపోతుందని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ చేతిని చూసినప్పుడల్లా ఈసారి ఏది విరుగుతుందో అనుకుంటాను.

అందుకే దేశమంతా మిషన్లతో ఓట్లు వేస్తారని తెలిసినప్పుడు నాకు మొదట కలిగింది సంతోషమే. ఒక ఓటు పడ్డాక ఇంకో ఓటు పడాలంటే అధికారి తన దగ్గరున్న మీట నొక్కాలి, అందరూ మీద పడి కట్టలకు కట్టలు గుద్దడానికి కుదరదు అని పేపర్లో చదివి అత్తయ్యకు చెప్పాను. "పోనీలే, మిషనన్నా కొట్టుకోకుండా చూస్తదేమో," అంది.

ఎన్నికలకు ముందు ఒక పడుచు ఉద్యోగి ఓటు మిషను పెట్టె తెచ్చి బడి వరండాలో బల్ల మీద పెట్టి ఊరందరికీ చూపించాడు. ఆడవాళ్ళ వరసలో ముందుగా అత్తయ్యే వెళ్ళి మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది, కుయ్యిమని కూత వచ్చింది.

"ఇదేందయ్యా, గుద్దు లేదు, కాయితం లేదు. నా ఓటు ఏడికి పోయినట్టు?" అంది అత్తయ్య.

"లోపలికి పోయిందమ్మా. కూత వినపళ్ళేదా?"

"కూత ఇనపడింది నాయనా. అది ఎవరికి కూసిందో ఎట్టా తెలుసుద్ది?"

అందరూ విరగబడి నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. నవ్వనిది మా మామగారొక్కరే.

మర్నాడు కల్లంలో, అంటే మిరపకాయలు ఆరబోసే చోట, ఆయన తాలుకాయలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. నేను పిల్లను చాప మీద వేసి పక్కన కూర్చున్నాను.

"అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ డిగ్రీ చదివావుగా. ఆ పెట్టె సంగతేందో చెప్పు," అన్నారు.

"నేను చదివింది కాలేజీ చదువు మామయ్యా. ఆ పెట్టె లోపల ఏముందో నాకేం తెలుసు?"

"తెలిసినకాడికి చెప్పు."

నాకు కాలేజీ లాబ్‌లో మేము రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు గుర్తొచ్చాయి. తెర మీద కూడిక సరిగ్గా కనపడేది, లోపల దాచుకున్న అంకె మాత్రం తప్పయ్యేది. ఒక గుర్తు తప్పు పడితే చాలు. మా మేడమ్ చూసి చెప్పేదాకా మాకూ తెలిసేది కాదు.

"మీట నొక్కితే దీపం వెలగడం ఒక పనండీ. లోపల లెక్క రాసుకోవడం ఇంకో పని. రెండూ ఒకటేనని మనం అనుకుంటాం. కానీ దేనికది విడిగా రాసిపెట్టాలి. రాసినవాళ్ళు సరిగ్గా రాస్తే సరిగ్గానే ఉంటుంది."

"రాసినోళ్ళు ఎవరు?"

"తెలీదండి."

"రాసిందాన్ని ఇంకెవరన్నా చూశారా?"

"చూసే ఉంటారు. కానీ మనకి చూపించరు. ఒకసారి రాశాక మార్చడానికి వీల్లేదంటున్నారు. అది మంచిదే. కాకపోతే మొదట రాసినప్పుడే తప్పు పడితే అది కూడా మారదు కదా."

ఆయన కాసేపు కాయలు ఏరారు. "పొద్దున్నే ఏజెంట్ల ముందు ఉత్తుత్తి ఓట్లు వేసి లెక్క చూపిస్తారంట. తేడా ఉంటే అప్పుడే తేలిపోద్దిగా?"

"తేలొచ్చు. కానీ మామయ్యా, మొదటి కాసిని ఓట్లూ బుద్ధిగా లెక్కపెట్టి, ఆ తర్వాత ఇంకోలా చెయ్యమని కూడా రాయొచ్చు. రాశారని కాదు. రాయడానికి వీలుంది అంటున్నాను."

మామగారు ఏరడం ఆపేశారు. "అంటే మూతి మచ్చు అన్నమాట," అన్నారు.

యార్డులో కొనేవాళ్ళు గోతాంలోంచి గుప్పెడు కాయ తీసి చూస్తారు. దాన్ని మచ్చు అంటారు. మూతి దగ్గర ఎర్రటి కాయ నింపి నడుమ తాలు కుక్కేవాళ్ళుంటారు కాబట్టి, తెలిసినవాడు ఎప్పుడూ నడుములోకి చెయ్యి పెట్టి మచ్చు తీస్తాడు. మూతి మచ్చు చూసి కొన్నాడంటే మావైపు వాణ్ణి ఇక ఎవరూ పెళ్ళికి కూడా సలహా అడగరు.

"నడిమధ్యాహ్నం ఒకసారి ఆపి మచ్చు తీస్తే?" అన్నారు మామగారు.

"అట్లా తీయడం లేదండి."

అప్పుడే బండి దిగి వచ్చిన మా ఆయన ఇదంతా విని నావైపు గుర్రుగా చూశారు. "నాన్నా, దాని మాటలు ఇనమాక. ఇంట్లో ఫాను ఆగితే దొంగలు తీగ కోశారంటది."

నిజమే, అంటాను. కానీ ఒకసారి నిజంగానే ఎవరో తీగ కోశారు.

మామగారికి ఇంకో అలవాటు ఉంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టే ప్రతి గోతాంలో, కుట్టు వేసే ముందు, అడుగున ఒక పాతచీర పేలికను ముడివేసి దాస్తారు. బయట మార్కు వేసినా, ఒకరి గోతాం మీది మార్కు ఇంకొకరి గోతాం మీద వేయడం ఎంతసేపు? పేలిక ఉంటేనే తన కాయ. దాన్ని ఆనవాలు అంటారాయన. ఒక సంవత్సరం గోతాల మీద మార్కు సరిగ్గానే ఉంది, లోపల పేలికలు లేవు. ఆ గొడవ చాలాకాలం నడిచిందట. అప్పటినుంచీ ఆయనకు మార్కు మీద నమ్మకం పోయింది, పేలిక మీదే ఉంది.

ఆ ఎన్నికల్లో బూత్‌కు రెండు పెట్టెలు వచ్చాయి. ఎంపీకొకటి, ఎమ్మెల్యేకొకటి. మా ఊళ్ళో వాటిని ఢిల్లీ పెట్టె, హైదరాబాద్ పెట్టె అన్నారు. నేను పిల్లను చంకన వేసుకుని వెళ్ళాను. అట్టముక్క చాటుకు వెళ్ళి వంగగానే, వరసగా ఉన్న మీటలు చూసి పిల్ల రెండు చేతులూ ముందుకు చాపింది. దాని వేలు ఏదో ఒకదాని మీద పడేలోగా దాని చెయ్యి పట్టుకునేసరికి నాకు చెమటలు పట్టాయి.

"పాపను కిందికి దించండమ్మా," అన్నాడు అధికారి.

దించితే ఏడుస్తుంది. ఒక చేత్తో దాని రెండు చేతులూ పట్టుకుని రెండో చేత్తో నొక్కాను. దీపం వెలిగింది. కూత వచ్చింది. ఆ కూతకు పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. నేను ఆ ఎర్రదీపాన్నే చూస్తూ ఉండిపోయాను. నేను చూస్తున్నది దీపమే కదా, లెక్క కాదు కదా అనిపించింది. కాగితం రోజుల్లో ఓటు మడిచి నా చేత్తో నేనే పెట్టెలో వేసేదాన్ని. తర్వాత ఎవరైనా ఆ పెట్టెను బావిలో పారేసినా, అదిగో నా ఓటు నీళ్ళలో ఉందని చెప్పడానికి ఒక చోటు ఉండేది. దొంగతనం జరిగితే అరుపు వినపడేది.

"అయిపోయిందమ్మా, నడవండి. వెనక లైనుంది."

ఏజెంట్ల బల్ల దగ్గర మామగారు నావైపు చూసి తల ఊపారు. ఆయన పక్క కుర్చీలో అవతలి పార్టీ ఏజెంటు కూర్చున్నారు. ఆయన మా ఊరి సాయిబు గారు, పత్తి వ్యాపారం చేస్తారు. పార్టీలు వేరైనా వాళ్ళిద్దరిదీ చిన్ననాటి స్నేహం, బావా అంటే బావా అనుకుంటారు. మా ఆయన ఆయన్ని మామా అంటారు, నేను బాబాయ్ గారూ అంటాను. మా ఆయన చెయ్యి విరిగిన రోజు ఆసుపత్రికి ట్రాక్టరు తెచ్చింది ఆయనే. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళలో ఆయన తమ్ముడి కొడుకులూ ఉన్నారు. మా ఊళ్ళో రెండూ జరుగుతాయి.

ఆ సాయంత్రం మామగారు పండగ చేసుకొచ్చినవాడిలా ఇంటికి వచ్చారు. కాళ్ళు కడుక్కుంటూనే చెప్పడం మొదలుపెట్టారు.

"పెట్టెలు అట్ట సూట్‌కేసుల్లాంటి వాటిల్లో పెట్టి దారం కట్టి లక్క వేశారమ్మాయ్. ఏజెంట్లు కూడా కావాలంటే సీలు వేసుకోవచ్చన్నాడు ఆఫీసరు. మా దగ్గర సీలేడుంది? జేబులో చెయ్యి పెట్టాను. గింజ తగిలింది. లక్క ఇంకా మెత్తగానే ఉంది, ఢిల్లీ పెట్టె లక్కలో నొక్కేశా."

"గింజా?" అన్నాను.

"మిరపగింజ. ఎవడన్నా లక్క కరిగించి మళ్ళీ వేశాడనుకో, వాడికి గింజ పెట్టాలని తోచదుగా. సాయిబు చూసి, 'ఏంది బావా, ఢిల్లీకి నారు పోస్తున్నావా' అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వాడు."

"ఢిల్లీ పెట్టెకే ఎందుకు నాన్నా?" అని అడిగారు మా ఆయన.

"హైదరాబాద్ పెట్టెకి ఇక్కడ ప్రతివాడూ కాపలానే. ఢిల్లీ పెట్టె మొకం ఎవడు చూస్తాడు?"

నేను నవ్వలేదు. లక్క పెట్టె బయట ఉంటుంది. నేను కల్లంలో చెప్పింది లోపలి సంగతి. లోపల ముందే ఏదైనా రాసిపెట్టి ఉంటే గింజ ఏం కాపలా కాస్తుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అంత సంతోషంగా ఉన్న మనిషికి చెప్పబుద్ధి కాలేదు.

ఆ గింజ మా ఇంట్లోనే ఉండిపోతే బాగుండేది. సాయిబు గారు టీకొట్లో నవ్వుతూ చెప్పారు. టీకొట్టునుంచి ఊరంతా పాకింది. ఓట్లు పడిన రోజుకూ లెక్కపెట్టే రోజుకూ మధ్య వారాలు ఉన్నాయి. పెట్టెలన్నీ తాళాలు వేసిన గదుల్లో, పోలీసు కాపలాలో ఉన్నాయి. ఊళ్ళో మగవాళ్ళకు చేసే పనేమీ లేక ఆ గింజను పట్టుకున్నారు.

"గింజ ఉంటే ఓటున్నట్టు," అనేవాడు ఒకడు.

"లేకపోతే?"

"లేకపోతే ఏందిరా, పోయినసారి బావి గుర్తు లేదా? ఈసారి బావి సరిపోదు."

ఈ మాటలు మా అరుగు మీదే అన్నారు. మా గొడ్లచావిట్లో చూరుకింద కొత్త కర్రలు కొన్ని వచ్చి చేరడం నేను చూశాను. ఎవరు పెట్టారని అడిగితే మా ఆయన, "పందిరికి," అన్నారు. ఎండాకాలం మధ్యలో ఏ పందిరి? అవతలి వీధిలో కూడా అలాగే ఏవో పందిళ్ళకు కర్రలు చేరుతున్నాయని పాలు పోసే ఆవిడ చెప్పింది.

అప్పటికి నాకు అర్థమైంది. ఎన్నికల ఫలితం సంగతి ఏమైనా గానీ, మా ఆయన ఇంకో చెయ్యి ఆ గింజ మీద ఆధారపడి ఉంది. లెక్కపెట్టే రోజు మామగారు ఉంది అంటే ఉన్నట్టు, లేదు అంటే కర్రలు చూరునుంచి దిగుతాయి. పగలంతా ఎండ కొలిమిలా ఉండేది. ఆ తాళాల గదిలో ఎంత వేడిగా ఉందో, ఆ లక్క ఎంత మెత్తబడిందో అని పిల్లకు పాలిస్తూ కూడా అదే ఆలోచన. పాలు సరిగ్గా పడటం లేదని అత్తయ్య మెంతులు నానబెట్టి ఇచ్చింది. మెంతులకు తగ్గే జబ్బు కాదని ఎలా చెప్పను?

లెక్కింపు రోజు మామగారు తెల్లవారుజామునే కౌంటింగ్ ఏజెంటుగా వెళ్ళారు. సాయిబు గారూ అవతలి పార్టీ తరఫున అదే బల్ల దగ్గరట. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారు. మా ఆయన్ని ఇంట్లోనే ఉండమని నేను బతిమాలాను. ఉన్నారు గానీ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. టీవీ ముందు కుర్రాళ్ళు గుంపుగా కూర్చున్నారు. నేను పిల్లను తీసుకుని వంటింట్లో కూర్చుని టీవీ గొంతు పెరిగినప్పుడల్లా చెవులు రిక్కించాను.

మధ్యాహ్నానికి మా పార్టీ గెలిచిందని తేలింది. ఒక్కసారిగా బయట టపాకాయలు. పిల్ల కెవ్వున ఏడ్చింది. నేను దాన్ని గట్టిగా పట్టుకుని, ఇది టపాకాయే, టపాకాయే అని నాకు నేనే చెప్పుకున్నాను.

సాయంత్రం మామగారు దిగగానే మెడలో దండ వేశారు. "గింజ ఉందా పెదనాన్నా?" అని అరిచాడొకడు. "ఆఁ, ఉంది ఉంది," అన్నారాయన నడుస్తూనే. పెద్దగా కేకలు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. గుంపు వీధి చివరికి కదిలింది, వాళ్ళతో మా ఆయన కూడా.

మామగారు దండ తీసి కుర్చీ చేతికి తగిలించి కూర్చున్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. మొహం గెలిచిన మనిషి మొహంలా లేదు.

"నిజంగా ఉందా మామయ్యా?"

ఆయన వీధివైపు చూసి గొంతు తగ్గించారు. "గుంట ఉంది. గింజ లేదు."

"మరి అక్కడ చెప్పలేదా?"

"తీగల జాలీ అవతలనుంచి చూపించాడు. గింజంత గుంట కనపడింది. నా కళ్ళేమో అంతంత మాత్రం. ఎండకి రాలిందో, పెట్టె ఎత్తేసినప్పుడు రాలిందో, ఇంకేమన్నా అయిందో. చెబుదామని నోరు తెరిచేలోగా అంకెలు చదవటం మొదలెట్టారు. మనదే పైన ఉంది." ఒక్క గుక్కలో నీళ్ళు తాగారు. "గెలిచినోడు మళ్ళీ మచ్చు తీయమంటాడా అమ్మాయ్?"

"ఓడిపోయుంటే?"

వీధి చివర మా ఆయన ఆ వంకర చేత్తోనే టపాకాయల సరానికి నిప్పు పెడుతున్నారు. మామగారు అటే చూస్తూ కూర్చున్నారు.

నాకు ఆ రాత్రి కొత్త భయం పట్టుకుంది. మామగారు చూసిన గుంటను సాయిబు గారూ చూసి ఉంటారు. ఓడింది వాళ్ళు. గింజ లేదని ఆయన ఒక్క మాట అంటే చాలు.

మర్నాడు పొద్దున్నే ఆయన మా గేటు తీసుకుని వచ్చారు. లోపలికి పోయి మా ఆయన్ని లేపాలా వద్దా అని అటూ ఇటూ తిరిగి, చివరికి టీ పెట్టాను.

"ఏం బావా," అన్నారాయన అరుగు మీద కూర్చుంటూ, "నీ గింజ మొలకెత్తిందా?"

మామగారు తల ఎత్తలేదు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"మీవోళ్ళకి ఏం చెప్పావు?" అన్నారు సాయిబు గారు.

"ఉందనే చెప్పా. నువ్వు?"

"మావోళ్ళు రాత్రి ఇంటికొచ్చి కూకున్నారు. గింజ ఉందా, చూశావా అని. నా తమ్ముడి కొడుకులు కర్రలు పట్టుకునే వచ్చారు." గ్లాసు అందుకుని ఊదుకున్నారు. "ఉంది, నా కళ్ళారా చూశానని చెప్పా. ఖురాన్ మీద ఒట్టేయమనలేదు, అదే పదివేలు."

ఇద్దరూ టీ తాగారు. గెలిచినాయన, ఓడినాయన ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒకే అబద్ధం ఆడారు. ఆ అబద్ధం మీద మా ఊరు ఆ ఏడాది ఎవరి చెయ్యీ విరగకుండా గడిచింది. కర్రలు నిజంగానే ఎవరి పెళ్ళి పందిరికో వెళ్ళాయి. నేను సంతోషపడాలి, పడ్డాను కూడా. కానీ ఆ తర్వాత చాలా రోజులు ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ గింజ ఎలా పోయింది?

పోస్టాఫీసుకు పార్సెళ్ళు కట్టే లక్క తెప్పించి, కరిగించి, గింజలు నొక్కి డాబా పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. అత్తయ్య చూసి, "వడియాలా?" అంది. కొన్ని గింజలు రాలిపోయి వాటి చోట గుంటలు మిగిలాయి. కొన్ని అలాగే కూరుకుపోయి ఉన్నాయి. ఎండకే రాలిందని చెప్పడానికి ఆధారం దొరికింది, రాలలేదని చెప్పడానికీ దొరికింది. ఆ లక్కముక్కలన్నీ పారేశాను. ఏదీ జరిగిందని నేను అనలేను. జరగలేదని కూడా ఎవరూ నాకు చూపించలేరు. ఇదే నాకు నిద్రపట్టనివ్వని చోటు. కాటా దగ్గర ముల్లు కనపడుతుంది కాబట్టే, తక్కువ తూగినవాడు తిట్టుకుంటూ అయినా సరుకు ఎత్తుకుని పోతాడు. ముల్లు లేని కాటా నిజమే చెప్పినా ఓడినవాడికి అది నిజం ఎందుకవుతుంది?

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలు. మామగారికి కంటిలో శుక్లాలు, అందుకే మా ఆయన్ని అడిగారు. వద్దనమని నేను, ఒప్పుకున్నానని ఆయన. ఈ సాయంత్రం సాయిబు గారు వచ్చారు. ఆయన బదులు ఈసారి కూర్చునేది కర్రలు పట్టుకొచ్చిన ఆ తమ్ముడి కొడుకుల్లో పెద్దవాడట. ఆ మాట వినగానే నేను ఉయ్యాల ఊపడం ఆపేశాను.

"అందుకే వచ్చా," అన్నారాయన. "బావా, ఈసారి నీ గింజ ఒకటే వద్దు. లక్క మెత్తగా ఉన్నప్పుడు నీ కొడుకు బొటనవేలు ఒకవైపు, మావాడి బొటనవేలు ఒకవైపు ఒకేసారి నొక్కాలి. వేలిముద్ర రాలిపోదుగా. తేడా వస్తే ఇద్దరికీ ఒకేసారి కనపడాల. అప్పుడు ఇద్దరూ కలిసి ఆఫీసరునే అడుగుతారు, ఒకణ్ణొకడు కొట్టుకోరు."

మామగారి మొహం విచ్చుకుంది. "ఇదీ ఆనవాలంటే," అన్నారు. మా ఆయన తన బొటనవేలు తిప్పి చూసుకుని, "వాడి పక్కన కూకుని వేలు నొక్కాలా?" అని గొణిగారు. కానీ కాదనలేదు.

అప్పుడు నేను ఆపుకోలేకపోయాను. "బాబాయ్ గారూ, అది లక్క సంగతి. పెట్టె మన ఊరికి రాకముందే లోపల ఏదన్నా అటూ ఇటూ అయ్యుంటే? మీరిద్దరూ కలిసి నొక్కినా అది తెలియదు కదండీ. మనం వేసిన ఓటు మన కంటికి కనపడేలా ఒక కాగితం ముక్క బయటికి వస్తే..."

ముగ్గురు మగవాళ్ళూ నావైపు చూశారు. సాయిబు గారు గ్లాసు కింద పెట్టారు.

"అమ్మాయ్, పోయినసారి నీ మాటలకే మీ మామ గింజ పెట్టాడు. నువ్వు నిద్రపోవు, మమ్మల్నీ పోనియ్యవు."

అందరూ నవ్వారు. కాసేపటికి మామగారే, "అడగాల్సిన మాటే అడిగిందిరా. మనకాడ జవాబు లేదు," అన్నారు. సాయిబు గారు తల ఊపి చెప్పులేసుకున్నారు.

రేపు మా ఆయనకు ఉతికిన తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి, పార్టీ మీటింగు ఉందట. దాని జేబుల్లో గింజలేమీ లేవు. అయినా ఇప్పుడే లేచి ఇంకోసారి తిరగేసి చూసి వచ్చాను.